కండక్టరమ్మ మాట

పొద్దున ఎనిమిదయ్యేసరికి చెవులాయన తన గదికి వచ్చేసేవాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, అన్నం డబ్బా బల్ల కింద పెట్టి, మైకుల బ్యాటరీలు ఒక్కొక్కటీ మీటరు పెట్టి చూసుకునేవాడు. తర్వాత హెడ్‌ఫోన్ తగిలించుకుని తలుపు వేసుకునేవాడు. ఆ గదికి కిటికీ లేదు. గోడలనిండా నల్లటి స్పాంజి. తలుపు పడిందంటే ఇక బయట ఉరుములు ఉరిమినా లోపలికి తెలియదు. ఆయనకి అలాగే ఇష్టం.

ఆయన గదికి కింద, పెద్ద షెడ్డులో, ఒక ఇల్లు కట్టారు. చెక్కపలకలతో కట్టిన ఇల్లు. అందులో పన్నెండు మంది, పన్నెండు రకాల పనులు చేసుకుని బతికేవాళ్ళు, పది వారాలు కలిసి ఉండాలి. రోజుకో పోటీ. వారానికొకరు పెట్టె సర్దుకుని ఇంటికి. ఇదంతా సాయంత్రం పూట ఊళ్ళకి ఊళ్ళు టీవీ ముందు కూచుని చూసేవి. ఆ పన్నెండు మంది చొక్కాలకీ జాకెట్లకీ తగిలించిన మైకుల్లోంచి వచ్చేదంతా వినడమే చెవులాయన ఉద్యోగం. ఆ పేరు క్యాంటీనువాళ్ళు పెట్టింది. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు.

ఇరవై రెండేళ్ళు మనుషుల గొంతులు వినీ వినీ ఆయనకొక జబ్బు అంటుకుంది. ఎవరైనా అబద్ధం చెప్పబోయేముందు ఊపిరి ఒక్కక్షణం తెగుతుంది. కుట్టు పూర్తయ్యాక దారాన్ని పళ్ళతో తెంపితే వచ్చేంత చప్పుడు. మామూలువాళ్ళకి వినపడదు. ఆయనకి వినపడుతుంది. వినపడ్డాక ఊరుకోలేడు. ఒకసారి ఆయన భార్య ఫోన్‌లో వాళ్ళక్కతో "బాగానే ఉన్నాం" అంటే, ఆ "బాగానే" దగ్గర ఊపిరి ఎందుకు తెగిందా అని రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ తర్వాత ఆవిడ అక్కతో మాట్లాడాలంటే పక్కింటికి వెళ్ళడం మొదలుపెట్టింది. దాంతో ఆయనకి అనుమానం ఇంకా పెరిగింది.

ఆ పన్నెండు మందిలో జనం నెత్తిన పెట్టుకున్నది కండక్టరమ్మని.

ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళు బస్సులో కండక్టరుగా చేసి వచ్చిన మనిషి. తలుపులో నిలబడితే వెనక వెలుతురు కనపడేది కాదు. పోటీ మొదటిరోజు అందరూ పెట్టెలు ఈడ్చుకుంటూ వస్తే, ఆవిడ తన పెట్టె నెత్తిన, ఇంకొకరి పెట్టె చంకన పెట్టుకుని వచ్చి, "తలుపు ఇంత చిన్నగా కట్టారేంటి నాయనా, నన్ను చూసి కొలత తీసుకోలేదా?" అంది. రెండోవారం బరువులు మోసే పోటీలో తోటివాడు సెలూనాయనకి మోకాలు పట్టేస్తే, ఆయన్నీ ఆయన మోస్తున్న బస్తానీ కలిపి ఎత్తుకెళ్ళి గీత అవతల దించి, "ఇద్దరం గెలిచాం, రాసుకోండి" అంది. న్యాయనిర్ణేతలు కాదంటే వాళ్ళతో గంటసేపు పోట్లాడింది. పైనుంచి స్పీకర్లో గొంతు వినపడితే తలెత్తి దానితోనూ పోట్లాడేది. ఆవిడ నవ్వు మొదలైతే చెవులాయన హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి పక్కకి జరుపుకోవాల్సి వచ్చేది.

ఇక ఆవిడ మాట సంగతి. కండక్టరమ్మ మాట ఆగుతుంది. మూసిన గదిలో ఆవిడ ఏదైనా అంటే, ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఆ మాట అక్కడే ఉండేది, ఒకరోజో రెండురోజులో. ఎవరైనా లోపలికెళ్తే వినపడేది. కిటికీ తెరిస్తే పోయేది. మైకుకి మాత్రం ఎక్కదు, చెవులకే. బస్సు డిపోలో అందరికీ ఇది అలవాటైన సంగతే. వానాకాలం అద్దాలు మూసి నడిపినప్పుడు, ఆవిడ దిగిపోయాక ఎక్కిన కండక్టరుకి స్టాపులు అరిచే పని ఉండేది కాదట. ఇక్కడ స్టూడియోలో కూడా తుడిచే ఆవిడ పొద్దున్నే వచ్చి, ఉతికిన బట్టల చెమ్మ వాసన పోవడానికి తెరిచినట్టు కిటికీలన్నీ తెరిచి, పావుగంట ఆగి, చీపురు పట్టుకునేది. "నిన్న వంటింట్లో చాలా నవ్వినట్టుంది, ఇంకా పోలేదు," అని గొణుక్కునేది. అంతే. దాని గురించి ఎవరూ ఇంకేమీ అనుకోలేదు.

చెవులాయన అనుమానం ఆగే మాట మీద కాదు. ఆవిడ మీద.

మొదట పట్టుకున్నది పిలుపు. నలభై రోజులైనా కండక్టరమ్మ ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. మగవాళ్ళంతా "నాయనా", ఆడవాళ్ళంతా "తల్లీ". జనానికి అది ముద్దుగా ఉంది. ఆయనకి మాత్రం ప్రతి "నాయనా" ముందూ ఒక చిన్న ఖాళీ వినపడేది. రెండోది, ఒకరోజు ఆవిడ మగవాళ్ళ గదిలోకి నేరుగా వెళ్ళి ఒకాయన మంచం మీద కూచుంది. వాళ్ళు కంగారుపడితే, "మీ పరుపు మెత్తనో మాది మెత్తనో చూద్దామని" అని నవ్వేసింది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుకి ముందు ఆవిడ ఊపిరి తెగింది.

మూడోది అన్నిటికన్నా పెద్దది. రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకసారి, ఆవిడ మైకు మీట నొక్కి ఆపేసి సామాన్ల గదిలోకి వెళ్ళేది. విడి పరుపులు, మడత కుర్చీలు పడేసే చిన్న గది అది. స్నానాల గదిలాగే అక్కడా కెమెరా, మైకు పెట్టకూడదని ఒప్పందంలో ఉంది. పది నిమిషాలుండి వచ్చేది. రాగానే, "మోకాలెలా ఉంది నాయనా?" అని సెలూనాయన్ని అడిగేది. "నిద్రపట్టిందా తల్లీ?" అని ఈత టీచరమ్మని అడిగేది. లోపలికి వెళ్ళేటప్పుడు తడబడే గొంతు, బయటికి వచ్చేటప్పుడు దిట్టంగా ఉండేది.

ఎవరో లోపలికి కబుర్లు అందిస్తున్నారని ఆయనకి గట్టిగా అనిపించింది. పరుపుల్లో ఫోను దాచి ఉండాలి. లేకపోతే పనివాళ్ళలో ఎవరో చేతులు కలిపి ఉండాలి.

ఇంట్లో ఈ మాటంటే భార్య గరిటె పక్కన పెట్టి ఆయన్ని చూసింది. "ఆవిడ మీద కూడానా? ఆవిడ నవ్వుతుంటే మన టీవీ పక్కన గ్లాసులు కదుల్తాయి. అంత నవ్వు ఎవరైనా దొంగతనంగా నవ్వుతారా?"

"నవ్వుకి ముందు వినాలి," అన్నాడాయన.

"నేను నవ్వు వింటాను. మీరు ముందుది వినండి," అని ఆవిడ గరిటె మళ్ళీ తీసుకుంది.

బుధవారం ఆయన మేడమ్ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. మేడమ్ అంటే ఆ పోటీని మొత్తం నడిపే ఆవిడ. ఎప్పుడూ నిలబడే మాట్లాడేది, అందరూ కూడా నిలబడే ఉండాలని కోరుకునేది. ఆయన చెప్పింది విని మొదటిసారి కూచుంది.

"ఖాయమేనా?"

"మోసం ఉంది. ఏంటో తెలీదు."

"చాలు. శనివారం లైవ్‌లో అందరి ముందూ అడిగిద్దాం. నలుగురి నోళ్ళలో పడాలి ఇది. నువ్వు మాత్రం ఇంకెవరితోనూ అనకు."

మెచ్చుకుంటుందేమో అనుకున్నాడు. మేడమ్ అప్పటికే ఫోన్ అందుకుంది.

గురువారం మధ్యాహ్నం పోటీవాళ్ళందరినీ షెడ్డు బయట మైదానానికి తీసుకెళ్ళారు. చెవులాయన మొట్టమొదటిసారి కిందికి దిగి ఆ ఇంట్లోకి వెళ్ళాడు. పైనుంచి వింటున్నప్పుడు పెద్దదనుకున్నాడు. అట్టపెట్టెలా ఉంది. సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు మూశాడు. పరుపులు ఒక్కొక్కటీ తడిమాడు. ఫోను లేదు. కుర్చీల వెనక చూశాడు. చీటీ కూడా లేదు. వెనక్కి తిరగబోతుంటే ఆ మూల, పరుపుల మధ్య, చాలా మెల్లగా కండక్టరమ్మ గొంతు వినపడింది. జనం ముందు వాడే గొంతు కాదది. పిల్లని నిద్రపుచ్చేటప్పుడు వాడే గొంతు.

"ఇవాళ నలభై నాలుగో రోజు. నువ్వు టీవీ పోటీలో ఉన్నావు. ఇది నీ ఇల్లు కాదు, కంగారుపడకు. నీ మంచం ఎడమచేతి గదిలో, గోడ పక్కది. మగవాళ్ళ గది కుడిచేతి వైపు, అటు పోకు. మీసాలాయన సెలూన్ నడుపుతాడు, మోకాలు బాగాలేదు, అడుగు. పొడుగుపిల్ల ఈత నేర్పుతుంది, నిన్న ఏడ్చింది, ఎందుకో చెప్పలేదు, రెట్టించకు. డాక్టరు చెప్పిన సంగతి ఎవరితోనూ అనకు."

ఆయన కదలకుండా నిలబడ్డాడు. ఒక్కచోట కూడా ఊపిరి తెగలేదు.

"మీ ఆయన పోయి ఆరేళ్ళయింది. పొద్దున లేవగానే వెతక్కు. శనివారం అమ్మాయి వస్తుంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, గుర్తుపట్టకపోవచ్చు. గడ్డం కింద పుట్టుమచ్చ చూసుకో. జుట్టు చూసి పోయినసారి తిట్టావు, ఈసారి తిట్టకు. దగ్గరికి తీసుకో."

తర్వాత, ఇంకా మెల్లగా:

"పైన ఎక్కడో ఒకడు వింటుంటాడు. పొద్దున మైకులు సరిచూసుకోమని చెప్పేటప్పుడు దగ్గుతాడు. మనిషిని చూడలేదు. వాణ్ణి మాత్రం నమ్మకు. వాడికి తెలిస్తే లోకానికంతా తెలిసినట్టే."

చెవులాయనకి తన దగ్గు గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఎన్నో మాటలు చాటుగా విన్నాడు. తన గురించి ఎవరైనా అనుకునేది మాత్రం వినడం అదే మొదటిసారి. అది తప్పని అనడానికి కూడా ఆయన దగ్గర ఏమీ లేదు. నిన్ననే చెప్పేశాడు.

ఆ మాటలు మొదటినుంచీ మళ్ళీ వినపడ్డాయి. నిలబడి మొత్తం విన్నాడు. మూడోసారి కూడా విన్నాడు. తర్వాత తలుపు సందులోంచి గాలి ఎక్కువ పోకుండా, పక్కకి తిరిగి, జాగ్రత్తగా బయటికి వచ్చాడు.

నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. "నాదే పొరపాటండి. ఆ గదిలో ఏమీ లేదు. ఆవిడ కాసేపు ఒంటరిగా కూచుంటుంది, అంతే."

మేడమ్ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "నిన్న మోసం ఉందన్నావు. ఇవాళ లేదంటున్నావు. మధ్యలో ఏమైంది?"

"ఏం కాలేదండి."

ఆ మాట అనేముందు తన ఊపిరే తెగడం ఆయనకి వినపడింది. మేడమ్‌కి అలాంటి చెవులు లేవు. కానీ అవసరం పడలేదు. "సరే, నువ్వు వెళ్ళు," అంది.

శుక్రవారం పొద్దున ఇద్దరు పనివాళ్ళొచ్చి సామాన్ల గది తలుపు ఊడదీశారు. పరుపులు బయట పడేశారు. పైన ఒక ఫ్యాను బిగించి, కొత్త కెమెరా పెట్టారు. ఒప్పందంలో ఉన్నది "సామాన్ల గది" కాబట్టి, అందులో సామాన్లే లేకపోతే ఒప్పందమే వర్తించదని మేడమ్ ఎవరితోనో ఫోన్‌లో అనడం కూడా ఆయన విన్నాడు.

మధ్యాహ్నం కండక్టరమ్మ అక్కడికి వచ్చింది. మైకు ఆపడం మర్చిపోయింది. ఆయన హెడ్‌ఫోన్లో ముందు అడుగుల చప్పుడు, తర్వాత ఫ్యాను రొద. ఆ రెండూ తప్ప ఇంకేమీ లేదు చాలాసేపు. చివరికి ఆవిడ చిన్నగా, "ఇక్కడ... ఇక్కడ ఏదో ఉండాలి కదా తల్లీ?" అంది. పక్కన ఎవరూ లేరు.

ఆరోజు సాయంత్రం జనం చూసిన కండక్టరమ్మ నవ్వలేదు. చెవులాయన ఇంట్లో భార్య టీవీ కట్టేసి, "ఒంట్లో బాగాలేదేమో," అంది.

శనివారం మూడింటికి లైవ్. ఆవారం పోటీ అని పెద్దగా ఏమీ లేదు, ఇంటివాళ్ళని కలిసే రోజు. షెడ్డులో మూడువందల కుర్చీలు వేశారు. పోటీవాళ్ళు ఒక్కొక్కరూ వేదిక దిగి, జనంలో కూచున్న తమవాళ్ళని వెతుక్కుని చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. జనం గోలలో యాంకర్ మాట వినపడాలని ఆరోజు అందరి చెవుల్లోనూ బఠాణీగింజంత స్పీకరు పెట్టారు. కండక్టరమ్మ రాగానే సామాన్ల గది సంగతి అడగాలని యాంకర్ చేతిలో కాగితం ఉంది. మేడమ్ చెవులాయన పక్కనే, ఆ స్పాంజి గదిలోనే, నిలబడి ఉంది.

సెలూనాయన కొడుకుని వెతికి తెచ్చుకున్నాడు. ఈత టీచరమ్మ వాళ్ళమ్మని తెచ్చుకుంది. కండక్టరమ్మ వంతు వచ్చింది.

"మీ అమ్మాయి ఈ జనంలోనే ఉంది," అన్నాడు యాంకర్. "వెళ్ళి తీసుకురండి!"

కండక్టరమ్మ మెట్లు దిగి ఆగిపోయింది. మూడువందల మొహాలు ఆవిడనే చూస్తున్నాయి. జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ ఇటు చూసింది, అటు చూసింది. చప్పట్లు సన్నబడ్డాయి. ఎవరో వెనక నవ్వారు, ఆటపట్టిస్తోందనుకుని. చెవులాయన హెడ్‌ఫోన్లో ఆవిడ ఊపిరి ఒకటే వినపడుతోంది. పొట్టిగా, తొందరగా, తప్పిపోయిన పిల్ల ఊపిరిలా.

బల్ల మీద, ఎవరివాళ్ళు ఏ కుర్చీలో కూచున్నారో రాసిన కాగితం పక్కన, ఎర్ర మీట ఉంది. అది నొక్కితే పోటీదారు చెవిలో మాట్లాడొచ్చు. పోటీ నడుస్తుండగా దాన్ని ముట్టుకుంటే ఉద్యోగం పోతుందని ఆ మీట కిందే రాసి అతికించి ఉంది. ఆయన నొక్కాడు.

"రెండో వరస. మీ కుడిచేతి వైపు నుంచి నాలుగో కుర్చీ. మీ అమ్మాయి."

"ఏయ్!" అంది మేడమ్ వెనకనుంచి.

కండక్టరమ్మ తలెత్తి పైకి చూసింది. పెదవులు కదిపీ కదపకుండా, "ఎవడు నువ్వు?" అంది. ఆ గొంతులో భయం, అంతకు మించి అనుమానం. ఆవిడ కదలలేదు.

నమ్మండి అనే హక్కు తనకి లేదని ఆయనకి తెలుసు. అందుకని తన మాట మానేసి, విన్నది విన్నట్టు, ఆవిడ అన్న వరసలోనే, ఆవిడ ఆగినచోట ఆగుతూ చెప్పాడు.

"జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, గుర్తుపట్టకపోవచ్చు. గడ్డం కింద పుట్టుమచ్చ చూసుకో. జుట్టు చూసి పోయినసారి తిట్టావు, ఈసారి తిట్టకు. దగ్గరికి తీసుకో."

మనిషి తన చేతిరాతని గుర్తుపట్టినట్టు, ఆవిడ ఆ మాటల్ని గుర్తుపట్టింది. మొహం ఒక్కసారి వదులైంది. రెండో వరస దగ్గరికి వెళ్ళింది. నాలుగో కుర్చీలో పొట్టిజుట్టు అమ్మాయి అప్పటికే ఏడుస్తూ లేచి నిలబడి ఉంది. కండక్టరమ్మ ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తి, కింద చూసి, ఒక్కసారిగా రెండు చేతులతో ఎత్తేసుకుంది. షెడ్డంతా లేచి నిలబడింది.

యాంకర్ కాగితం చూసుకుంటూ సామాన్ల గది గురించి అడిగాడు. కండక్టరమ్మ కూతుర్ని కిందికి దించి, అతని చేతిలో మైకు తీసుకుంది.

"నాకు మతిమరుపు రోగం మొదలైంది నాయనా. అక్కడ కూచుని నాకు నేనే చెప్పుకునేదాన్ని, మర్నాటికి. ఫ్యాను పెట్టి ఊదేశారు. తప్పు నాదే, దాచాను. నేను అన్నీ మర్చిపోయేలోపు, నన్ను మర్చిపోనివాళ్ళు కొంతమంది పోగవ్వాలని వచ్చాను. పోగయ్యారు. ఇంక ఇంటికి పోతాను."

మైకు అతని చేతిలో పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని వేదిక వెనక్కి నడిచింది.

లైవ్ అయిపోగానే మేడమ్ గది బయట వరండాలోనే ఆయన్ని పట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఆవిడకి అన్నీ చేరవేసింది నువ్వేనన్నమాట! నా దగ్గరికొచ్చి మోసం ఉందన్నావు, మళ్ళీ లేదన్నావు. నీ దొంగతనం బయటపడుతుందని ముందే వచ్చి ఎవరి మీదో చెప్పావు. ఎంతమందితో చేతులు కలిపావు?"

"ఇవాళ ఒక్కసారేనండి."

"నన్ను నమ్మమంటావా?"

నమ్మమని అడగలేదాయన. బయటినుంచి చూస్తే మేడమ్ చెప్పిన కథే అతికినట్టు ఉంది. ఆమె స్థానంలో తనుంటే తనూ అదే అనేవాడు. ఆయన కిందికి వెళ్ళి, అసిస్టెంటమ్మాయిల దగ్గర మైకులు లెక్క ప్రకారం తీసుకుని, తుడిచి పెట్టెలో పెట్టి తిరిగొచ్చేసరికి ఆయన గదికి తాళం పడింది. సోమవారం చానెల్ పెద్దాయన వచ్చి విచారణ చేస్తాడన్నారు. అప్పటిదాకా ఎవరూ ఆ తలుపు ముట్టుకోకూడదన్నారు. పోటీలో కబుర్లు అమ్ముకున్నాడన్న పేరొస్తే ఇంకే స్టూడియో గడపా తొక్కనివ్వరని ఆయనకి తెలుసు. వినడం తప్ప ఇంకో పని రాదు.

ఆదివారమంతా ఇంట్లో కూచున్నాడు. జరిగిందంతా భార్యకి చెప్పాడు, సామాన్ల గదిలో తన గురించి విన్న మాటతో సహా. ఆవిడ విని, "ఆ ఎర్ర మీట ఎందుకు నొక్కారు మరి?" అంది.

"ఆవిడ ఊపిరి వినలేకపోయాను."

ఆవిడ లేచి టీ పెట్టుకొచ్చింది. ఆరోజు అక్కకి ఫోను ఇంట్లోంచే చేసింది.

సోమవారం పదింటికి చానెల్ పెద్దాయన, మేడమ్, రాసుకోవడానికి ఒక గుమాస్తా వచ్చారు. చెవులాయన్ని ముందు నిలబెట్టి తాళం తీశారు. నలుగురూ లోపలికి వెళ్ళాక తలుపు మూశారు. మూయగానే, కుర్చీ పక్కనుంచి, కండక్టరమ్మ గొంతు వినపడింది. ఆయాసంతో, పరిగెత్తుకొచ్చిన గొంతు.

"ఈ కుర్చీలో కూచునే ఆయన తప్పేం లేదు. ఇవాళ పొద్దున మైకు తగిలించడానికి వచ్చినప్పుడు నేనే బతిమాలాను. అమ్మాయిని గుర్తుపట్టలేను, చెవిలో చెప్పండయ్యా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన ఒప్పుకోలేదు. చచ్చినంత ఒట్టు పెట్టించుకున్నాను. అంతకుముందు ఎప్పుడూ ఆయన మొహం కూడా చూడలేదు. నింద వేస్తే నామీద వెయ్యండి, పాపం ఆయన మీద వద్దు."

గుమాస్తా కలం ఆగకుండా రాసుకుపోతున్నాడు. పెద్దాయన తల ఒకవైపు వంచి శ్రద్ధగా విన్నాడు. మేడమ్ పెదవులు బిగించింది. "కండక్టరమ్మ మాటే," అన్నాడు పెద్దాయన. "శనివారంది. మళ్ళీ ఒకసారి వినండి, సరిగ్గా రాసుకున్నారో లేదో."

రెండోసారి వింటుంటే చెవులాయనకి స్పష్టంగా వినపడింది. "మైకు తగిలించడానికి వచ్చినప్పుడు" అనేముందు ఊపిరి తెగింది. "కాళ్ళావేళ్ళా పడ్డాను" ముందు ఒకసారి. "ఒట్టు" ముందు ఇంకోసారి. ఆయన ఏనాడూ ఎవరికీ మైకు తగిలించలేదు. అది కింద అసిస్టెంటమ్మాయిల పని. శనివారం దాకా ఆవిడ ఆయన్ని చూడలేదన్నదొక్కటే అందులో నిజం.

"అయితే జరిగింది ఇదేనా?" అని పెద్దాయన ఆయన్నడిగాడు.

ఇరవై రెండేళ్ళలో ఎంతమంది అబద్ధాలు పట్టుకున్నాడో లెక్కలేదు. పట్టుకున్న ప్రతిదాన్నీ ఎవరికో ఒకరికి అప్పజెప్పాడు. ఈసారి మాత్రం, "మీరు విన్నారు కదండీ," అన్నాడు.

ముసలావిడ ఏడిస్తే కరిగిపోయినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తే జనం ఊరుకోరని పెద్దాయన లెక్కగట్టాడు. ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేశారు. మేడమ్ ఆ తర్వాత ఎప్పుడూ ఆయన్ని పూర్తిగా నమ్మలేదు. ఆయన తప్పుపట్టలేదు. వాళ్ళు వెళ్ళాక ఆయన తలుపు బార్లా తెరిచి ఉంచాడు. ఆ గదిలో ఆ తలుపు అంతసేపు తెరిచి ఉండటం అదే మొదలు.

రెండు వారాలు ఆగి, ఒక ఆదివారం పొద్దున, చిరునామా కనుక్కుని కండక్టరమ్మ ఇంటికి వెళ్ళాడు. మేడమీద రెండు గదులు. పొట్టిజుట్టు అమ్మాయి తలుపు తీసింది. ఆయన ఎవరో చెప్పుకుంటే ఆమె పక్కకి జరిగి దారిచ్చి, "ఆరోజు వరండాలో మేడమ్ మిమ్మల్ని కేకలేస్తుంటే అమ్మ విన్నదండి," అంది. "నా చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. ఎక్కడికమ్మా అంటే, ఇప్పుడే చెప్పి రావాలి, కాసేపాగితే నాకు గుర్తుండదు అంది. ఏం చెప్పిందో నాకు తెలీదు. మర్నాటికి తనకీ తెలీదు."

కండక్టరమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూచుని బఠాణీలు వలుస్తోంది. కుర్చీ ఆవిడకి చాలడంలేదు. తలెత్తి ఆయన్ని ఎగాదిగా చూసింది, సీటు కింద దాక్కున్న ప్రయాణికుణ్ణి చూసినట్టు.

"ఎవరు నాయనా నువ్వు? ఏం అమ్ముతావ్?"

"ఏం అమ్మనండి. మీకు దణ్ణం పెట్టి పోదామని వచ్చాను. నా కోసం మీరొక అబద్ధం చెప్పారు. నా ఉద్యోగం నిలబడింది."

ఆవిడ చేతిలో బఠాణీకాయ పక్కన పెట్టింది. కళ్ళు చిన్నవి చేసింది. "చూడు నాయనా, నువ్వెవరో నాకు తెలీదు. ఎవరినో చూసి నేననుకుంటున్నావు. బస్సులో అన్నేళ్ళు అందరి అబద్ధాలూ విన్నాను గానీ, నా నోటినుంచి ఒక్క అబద్ధం కూడా రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కటి కూడా."

చెవులాయన అలవాటు కొద్దీ చెవి ఒగ్గి విన్నాడు. మొదట్లో విన్నాడు, మధ్యలో విన్నాడు, చివర దాకా విన్నాడు. ఆవిడ ఊపిరి ఎక్కడా తెగలేదు.

"అవునండి," అన్నాడాయన. "మీరు కాదు."